సముద్రం గారికి తొమ్మిదింటికి

ఎనభై ఆరు వరద వచ్చి వెళ్ళిన ముప్పై ఏడో ఏట ఇది జరిగింది. మా వైపు ఏళ్ళు ఆ వరద నుంచే లెక్క. పిల్లల వయసు, గేదెల వయసు, తగాదాల వయసు, అన్నీ అంతే. ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. మా ఆఫీసరు కూడా ముందే మారాడు.

నేను పల్లిపాలెం తూము దగ్గర లస్కరుని. పేరు సంగాని పోలయ్య. తూముకి ఏడు తలుపులు. ఇటు పక్క ఊళ్ళ మురుగంతా మోసుకొచ్చే కాలవ. అటు పక్క ఉప్పుటేరు, దాని చివర సముద్రం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తలుపులు దించాలి. లేకపోతే ఉప్పునీరు చేలమీద పడుతుంది. పాటు మీద ఉన్నప్పుడు ఎత్తాలి. లేకపోతే వాననీరు చేలల్లోనే నిలిచి కుళ్ళబెడుతుంది. ఇంతే నా ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంతే చేశాను.

ఇందులో తెలుసుకోవలసింది ఒక్కటే ఉంది. పోటు ఇవాళ వచ్చిన వేళకు రేపు రాదు. రెండు గడియలు ఆలస్యంగా వస్తుంది. గడియారం లెక్కలో నలభై ఎనిమిది నిమిషాలు. ఎల్లుండి ఇంకో రెండు గడియలు. ఇలా జరిగి జరిగి పక్షం తిరిగేసరికి మళ్ళీ మొదటికి వస్తుంది. ఇది మా అయ్య చెప్పాడు. నేను చదివిన మూడు తరగతుల్లో ఎవరూ చెప్పలేదు.

తూము దిగగానే మొదటి చేను యాళ్ళ సూరమ్మది. అంటే ఆమె సొంతం కాదు, కౌలుది. రెండెకరాలు. మనిషి ఒక్కతే, నోరు నలుగురి పెట్టు. ఆ ఏడు ముందువానకి ఆమె పోసిన ఆకుమడి కుళ్ళిపోయింది. తిండికి ఉంచుకున్న ధాన్యం కూడా నానబెట్టి రెండోసారి మడి పోసింది. నారు వేలెడెత్తు లేచింది. ఇదీ పోతే మూడోసారి పొయ్యడానికి గింజా లేదు, అదనూ లేదు. చేను బీడు పెట్టిన మనిషికి మళ్ళీ ఎవరూ కౌలుకివ్వరు.

"పోలయ్యన్నా, నా మడి నీ చేతిలో ఉంది" అంది ఒకరోజు గట్టు మీద నిలబడి.

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే ఊఁ యేనా? చూత్తానని ఒక మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"చూత్తాను" అన్నాను.

ఆ మాట అన్న వారానికే మమ్మల్నందరినీ డివిజను ఆఫీసుకి పిలిచారు.

కొత్త ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ గారి పేరు పసుమర్తి ఉమాకాంతం గారు. కాలనిర్వహణ మీద పట్నంలో నాలుగు రోజులు శిక్షణ తీసుకుని తిన్నగా మా మీదకి వచ్చారు. గోడ మీద పెద్ద తెర పెట్టించారు. తెర నిండా గళ్ళు. ఒక్కో గడికి ఒక్కో రంగు. చూడడానికి గళ్ళ లుంగీలా బాగానే ఉంది.

"సిబ్బంది సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టారు ఈఈ గారు. "ఈ శాఖలో ఇంతకాలము పనులు జరిగినవి. కాదనను. అయితే ఏ పని ఎప్పుడు జరుగునో ముందుగా తెలియపరచు యంత్రాంగము లేకపోయినది. కావున జరిగినవి పనులు కావు, సంఘటనలు. ఇకమీదట మన డివిజనులో సంఘటనలు ఉండరాదు."

తర్వాత పద్ధతి చెప్పారు. ప్రతి పనికీ ఫోనులోని క్యాలెండరులో ముందుగా అపాయింట్‌మెంటు పెట్టాలి. క్యాలెండరులో లేని పని చేస్తే అది పని కాదు, తప్పు. అపాయింట్‌మెంటు అన్నాక ఇద్దరుండాలి. పిలిచినవాడు, పిలిపించుకున్నవాడు. పిలిపించుకున్నవాడి ఫోనులో మూడు గుర్తులు వస్తాయి. వస్తాను, రాను, వేరే సమయం. ఏదీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే. ఇద్దరిలో హోదాలో పెద్దవాళ్ళు వేరే సమయం అడిగితే దానంతటదే ఖాయమైపోతుంది. చిన్నవాళ్ళని అడగక్కర్లేదు. ఈ చివరిది మాకు కొత్తగా అనిపించలేదు.

మా సెక్షను ఏఈ హైమావతి గారు. ఇరవై ఏడేళ్ళ అమ్మాయి. తెలివైనది, అందుకే మీటింగుల్లో మాట్లాడదు. నా వంతు వచ్చినప్పుడు ఆమే తెర మీద రాశారు. పని: తూము తలుపులు మూయుట. పిలుచువారు: లస్కరు పోలయ్య.

"రెండవ పక్షము ఎవరు?" అన్నారు ఈఈ గారు.

"రెండో పక్షం లేదండి. తాతే దించుతాడు" అన్నారు ఏఈ గారు.

"రెండవ పక్షము లేనిదే గడి పూర్తి కాదు. ఎవరు వచ్చినందున ఇతడు తలుపులు మూయుచున్నాడు?"

ఏఈ గారు కాసేపు నేల చూపులు చూశారు. "సముద్రం వచ్చినందుకండి."

"మరి చెప్పరేమి? సముద్రమును చేర్చండి."

చేర్చారు. ఫారం బోలెడు అడిగింది. పేరు, సముద్రం. ఇంటిపేరు, బంగాళాఖాతం. తండ్రి పేరు దగ్గర ఆగిపోయింది. అది నింపకపోతే కిందికి వెళ్ళనివ్వదు. గుమాస్తా లేచి, తండ్రి తెలియనివారి విషయంలో తాలూకా పేరు రాయడం రివాజేనని చెప్పాడు. రాశారు. చివర, అధికార పరిధి ఎన్ని ఎకరాలని అడిగింది. ఏఈ గారు తొమ్మిది నొక్కారు. గడి నిండేదాకా తొమ్మిదులే నొక్కారు. ఆ లెక్క చూసుకుని మిషను తనంతట తనే హోదా ఇచ్చేసింది. చీఫ్ ఇంజనీరు.

ఈఈ గారు కుర్చీలోంచి కొంచెం లేచారు. మళ్ళీ కూర్చున్నారు.

"సమయము?"

ఆరోజు సప్తమి. మర్నాడు పోటు మొదలయ్యే వేళ తొమ్మిది. అదే చెప్పాను.

"ఉదయము తొమ్మిది గంటలకు మూయుట, మధ్యాహ్నము మూడు గంటలకు తెరచుట. మరల రాత్రి తొమ్మిదికి మూయుట, మూడుకు తెరచుట. ప్రతిదినము ఇదే" అని ఈఈ గారు స్వయంగా నొక్కారు.

లేచి నిలబడ్డాను. అంతమందిలో మాట్లాడడం నాకు అలవాటు లేదు. "రోజూ తొమ్మిదింటికి రాదండి. రోజుకి రెండు గడియలు జరుగుద్ది" అన్నాను.

"గడియ అనగా?"

"ఇరవై నాలుగు నిమిషాలండి" అన్నారు ఏఈ గారు.

ఈఈ గారు తెర మీద వెతికారు. పాపం, మనస్ఫూర్తిగానే వెతికారు. "పదిహేను నిమిషములు కలదు. అరగంట కలదు. గంట కలదు. నలభై ఎనిమిది నిమిషములు ఈ వ్యవస్థలో లేదు. లేని సమయములో పోటు ఎట్లు రాగలదు?"

కూర్చున్నాను.

వెళ్ళేటప్పుడు ఏఈ గారు నాకు రెండు ఫోన్లు ఇచ్చారు. "తాతా, ఈ చిన్నది నీది. ఈ పెద్దది సముద్రం గారిది. తూము దగ్గరే ఉండాలి. రోజూ ఛార్జింగు పెట్టు. కానీ అందులో ఏమీ నొక్కకు, తెలిసిందా? అది చీఫ్ ఇంజనీరు గారి ఫోను."

"ఊఁ" అన్నాను.

సముద్రం ఫోను ప్లాస్టిక్ సంచిలో వేసి తూము గోడకి మేకు కొట్టి వేలాడదీశాను.

మర్నాడు అష్టమి. తొమ్మిదికి పది నిమిషాలుందనగా ఈఈ గారి జీపు వచ్చింది. ఇస్త్రీ చొక్కా మీద వచ్చారు. తొమ్మిదింటికి ఉప్పుటేట్లో నీళ్ళు నిలబడ్డాయి. ఆ తర్వాత నాచు మెల్లిగా ఇటువైపు తిరిగి కదిలింది. పోటు తగిలింది. ఈఈ గారు చేతి గడియారం చూసుకున్నారు, ఏరు చూశారు, నా వంక చూశారు.

"చూచితివా పోలయ్యా? సమయము ఇచ్చినచో ఎవరైనను వచ్చెదరు. ఇంతకాలము వారిని అడిగినవారు లేరు, అంతియే."

తూము మీద నిలబడి సముద్రంతో కలిపి ఫోటో తీయించుకున్నారు. వెళ్ళబోతూ ఏటివైపు తిరిగి కొంచెం వంగినట్టు కూడా నాకనిపించింది. హోదా మర్యాద.

నవమినాడు తొమ్మిదింటికి నా ఫోను మోగింది, సముద్రం ఫోను మోగింది. సముద్రం రాలేదు. నేను చుట్ట తాగుతూ కూర్చుని, రెండు గడియలయ్యాక, అది వచ్చినప్పుడు తలుపులు దించాను. దశమినాడు నాలుగు గడియలయ్యాక. ఏకాదశి పొద్దున మెమో వచ్చింది. 'అపాయింట్‌మెంటు లేని సమయమున తూము తలుపులను ఉద్దేశపూర్వకముగా తిప్పినందులకు' అని. సంజాయిషీ మూడు రోజుల్లో ఇవ్వాలిట. అది ఇవ్వడానికి కూడా అపాయింట్‌మెంటు పెట్టుకోవాలిట.

ఆ మధ్యాహ్నమే నలుగురు మనుషులు వచ్చారు. ఆ తూముకి రెండేళ్ళ కిందటే మోటార్లు బిగించి, పరదా కప్పి వదిలేశారు. పరదా తీశారు. లోపల పిట్టగూళ్ళు. గూళ్ళు తీసి తీగలు కలిపారు. మోటార్లను క్యాలెండరుకి ముడిపెట్టారు. ఇక తలుపులు వాటంతట అవే వేళకి లేస్తాయి, వేళకి దిగుతాయి. నేను తిప్పే ఇనప హ్యాండిలు డివిజను స్టోరుకి పట్టుకుపోయారు.

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాను ఏఈ గారితో.

"అక్కడ నిలబడి ఫోనులో హాజరు నొక్కాలి తాతా" అన్నారామె. ఆమె మొహం బాగోలేదు.

బాగోకపోవడానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి. మంగళవారం కాలవగట్టుకి గండి పడింది. గండి పూడ్చే గడి గురువారానికి దొరికింది. మంగళవారం నుంచి గురువారం దాకా గండి లేనట్టే లెక్క. లేని గండికి బస్తాలు వేస్తున్న రైతులని ఆపమని ఆమెకే చెప్పారు. ఆమె ఆపడానికి వెళ్ళి, ఆపకుండా, అక్కడే నిలబడి వచ్చింది. నిలబడడం క్యాలెండరులో లేదని ఆమెకీ మెమో వచ్చింది.

ఏకాదశి దాకా సముద్రం ఏమీ అనలేదు. అష్టమి పోటు చిన్నది. కాలవలో నీరే దానికన్నా ఎత్తుగా ఉంది. కానీ పున్నమి దగ్గరపడే కొద్దీ పోటు పెరుగుతుంది. ద్వాదశినాడు పోటు మధ్యలో ఉండగా మూడయింది. ఏడు తలుపులూ గుర్రుమంటూ లేచాయి. ఉప్పునీరు కాలవలోకి పరుగెత్తింది. నేను నిలబడి హాజరు నొక్కాను.

త్రయోదశి పొద్దున సూరమ్మ కాలవలో చెయ్యి ముంచి నాలిక మీద వేసుకుంది. తుపుక్కున ఉమ్మింది.

"ఏటన్నా ఇది?"

"ఉప్పు."

"ఉప్పని నా నాలిక్కి తెలీదా? తలుపులెందుకు ఎత్తావ్?"

"నేనెత్తలేదు."

"మరి నువ్వెందుకున్నావిక్కడ, దిష్టిబొమ్మలాగ? దిష్టిబొమ్మ నయం, కాకులైనా భయపడతాయి."

ఫోను చూపించాను. మోటార్లు చూపించాను. గోడకి వేలాడే సంచీ చూపించి, ఇది సముద్రం ఫోనని కూడా చెప్పాను. ఆమె ఆ సంచీని అటూ ఇటూ తిప్పి చూసి గోడకి వదిలేసింది.

"పద, ఆ దొరగారితోనే మాట్లాడదాం" అంది.

బస్సెక్కి డివిజను ఆఫీసుకి వెళ్ళాం. ఈఈ గారి గది తలుపు అద్దంది. లోపల ఈఈ గారు ఒక్కరే కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. చేతిలో ఏమీ లేదు. బల్ల మీదా ఏమీ లేదు. గుమ్మం దగ్గర బంట్రోతు ఉన్నాడు. వాడి చేతిలోనూ ఫోను.

"అపాయింట్‌మెంటుందామ్మా?"

"లేదు బాబూ. రెండు ముక్కలు చెప్పి పోతాను."

"ఇప్పుడు కుదరదు."

"ఆయన ఖాళీగానే ఉన్నారు గదా?"

బంట్రోతు ఫోను చూశాడు. "అవునమ్మా. పదకొండు నుంచి పన్నెండు దాకా ఖాళీగా ఉండుట. క్యాలెండరులో ఉంది."

"పన్నెండింటికో?"

"పన్నెండు నుంచి ఒంటిగంట దాకా అపాయింట్‌మెంట్ల సమీక్ష. తర్వాత భోజనం. తర్వాత రేపటి ఖాళీ గురించి ప్రణాళిక." వేలితో కిందికి లాగుతూ పోయాడు. "రైతులకైతే వచ్చే నెల పున్నమినాడు పదిహేను నిమిషాలుందమ్మా. పెట్టమంటావా?"

"నా మడి ఈ పున్నమికే పోద్ది నాయనా."

"మడి పోవడం క్యాలెండరులో ఉందా?"

వాడు ఎగతాళికి అనలేదు. నిజంగానే ఫోనులో వెతికి చూశాడు. "లేదమ్మా" అన్నాడు. ఆ లేదనడంలో కాస్త ధైర్యం చెప్పినట్టు కూడా ఉంది.

సూరమ్మ అద్దానికి మొహం ఆనించి ఈఈ గారిని చూసింది. ఈఈ గారు కూడా మర్యాదగా ఆమెని చూశారు. అలా ఇద్దరూ కాసేపు చూసుకున్నారు. తర్వాత మేం బస్సెక్కాం.

"అద్దాల బీరువాలో దేవుడు" అంది బస్సులో.

చతుర్దశినాడు ఉప్పునీరు ఆమె మడిగట్టుకి జానెడు తక్కువలో ఆగింది. మర్నాడే పున్నమి. పున్నమి పోటు జానెడు ఎక్కువే లేస్తుంది. అది నాకు తెలుసు, ఆమెకి తెలుసు, ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. క్యాలెండరుకి తెలియదు.

పున్నమి మధ్యాహ్నం రెండున్నరకి పోటు తగిలింది. తలుపులు పొద్దున తొమ్మిదింటి నుంచీ దిగే ఉన్నాయి. ఇంకో అరగంటలో లేస్తాయి. లేస్తే రాత్రి తొమ్మిది దాకా దిగవు. సూరమ్మ కత్తి పట్టుకుని వచ్చింది. కొబ్బరిబోండాలు కొట్టే కత్తి.

"ఆ తీగ ఏదో చూపించన్నా. ఒక్క దెబ్బ."

"తీగ తెగితే తలుపులు మళ్ళీ లేవవు" అన్నాను.

"లేవకూడదనేగా నేనేడుత్తన్నది."

"ఇవాళ లేవకూడదు. పాటుకి లేవాలి. లేవకపోతే రెండు రోజుల్లో వాననీటికి కుళ్ళుద్ది. హ్యాండిలు స్టోరులో ఉంది. బాగుచెయ్యడానికి అపాయింట్‌మెంటు పెట్టాలి."

అంత పొడుగు మాట నేను ఆ ఏడాదిలో ఆడలేదు. సూరమ్మ కత్తి కింద పెట్టింది. తూము మెట్ల మీద కూలబడింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. మడివైపు చూస్తూ నారు మొనలు లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిపింది.

అప్పుడు ఏఈ గారి స్కూటరు వచ్చింది. ఆమె క్యాలెండరులో తూము పరిశీలన మూడింటికి ఉంది. వచ్చి నీరు చూశారు, సూరమ్మని చూశారు.

రెండూ నలభై అయింది. గోడ మీద సముద్రం ఫోను మోగింది. ప్రతిసారీ ఇరవై నిమిషాల ముందు ఒకసారి మోగుతుంది. 'గౌరవనీయులైన సముద్రం గారికి. మూడు గంటలకు తూము తెరచుట.' కింద మూడు గుర్తులు.

సూరమ్మ తలెత్తింది. "ఆ ఫోను ఎవరిదన్నావు?"

"సముద్రం గారిది."

"ఎప్పుడైనా ఎత్తాడా?"

"లేదు."

"వాడు రాను, ఇప్పుడు కాదు అని చెప్తే ఏమవుద్ది?"

నేను ఏఈ గారి వంక చూశాను. సూరమ్మా చూసింది. ఏఈ గారు ఒక్క క్షణం మా ఇద్దరినీ చూసి, చటుక్కున వెనక్కి తిరిగిపోయారు. తన ఫోను చెవికి పెట్టుకున్నారు. అవతల ఎవరూ లేరు. తెర నల్లగానే ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది.

"ఆఁ అక్కా, చెప్పు" అన్నారు ఆ లేని అక్కతో, గట్టిగా. "ఎవరైనా పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు వేరే సమయం నొక్కితే ఎవరినీ అడగదక్కా. వెంటనే మారిపోతుంది."

"నొక్కకూడదన్నారు" అన్నాను ఆమె వీపుతో.

"నేను కొంగల్ని చూస్తున్నానక్కా. ఇక్కడ ఏం జరుగుతోందో నాకు తెలీదు."

అక్కడ కొంగలు లేవు.

"ఒరేయ్ అన్నా" అంది సూరమ్మ. "సముద్రం ఒడ్డున పుట్టావు. సముద్రంలో మీ అయ్య పోయాడు. అరవై ఏళ్ళు దాని తిండి తిన్నావు. దాని తరఫున ఒక్క మాట చెప్పలేవా?"

సంచీ తీశాను. వేరే సమయం నొక్కాను.

అందులో గళ్ళు లేవు. పదిహేనూ అరగంటా లేవు. అంకెలు మాత్రమే ఉన్నాయి, ఏది కావాలంటే అది.

"చీఫ్ ఇంజనీరు స్థాయి వాళ్ళకి నిమిషాల పరిమితి ఉండదక్కా" అన్నారు ఏఈ గారు. "మనబోటి వాళ్ళకే."

పోటు ఎంతసేపుంటుందో వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. రాత్రి ఎనిమిదీ నలభై ఎనిమిది పెట్టాను. మిగతా పనులు కూడా ఆ మేరకు జరపమంటారా అని అడిగింది. ఊఁ అన్నాను. ఊఁ అంటే దానికి వినబడదు, నొక్కాలి. నొక్కాను. ప్రతిదినమూ ఇదే సమయమా అని అడిగింది. కాదు అని నొక్కాను. మరి రోజుకెంత జరపమంటారు అని అడిగింది.

నేను ఈఈ గారితో మొత్తుకున్నది కూడా అదే. మిషనే ముందు అడిగింది. నలభై ఎనిమిది అని కొట్టాను.

'తమ ఆజ్ఞ' అంది ఫోను.

మూడయింది. సూరమ్మ కళ్ళు మూసుకుంది. మోటార్లు మెదల్లేదు. మూడూ అయిదయింది. ఏట్లో నీరు తలుపుల మీద పాకుతూ పైకి లేస్తోంది. తలుపులు దిగే ఉన్నాయి.

"కొంగలెగిరిపోయాయక్కా" అని ఏఈ గారు ఫోను చెవి నుంచి తీశారు.

అయిదింటికి ఈఈ గారి జీపు వచ్చింది. దిగుతూనే పరుగులాంటి నడక. నా ఉద్యోగం సంగతి అయిపోయిందనుకున్నాను. ఏఈ గారు నా ముందుకి వచ్చి నిలబడ్డారు. ఈఈ గారు మమ్మల్నిద్దర్నీ దాటుకుని తిన్నగా ఏటి అంచుకి వెళ్ళి నిలబడ్డారు. ఫోను రెండు చేతులా పట్టుకున్నారు.

"జవాబు వచ్చినది" అన్నారు. "ఎనిమిది రోజులుగా ముప్పై రెండు ఆహ్వానములు పంపితిని. మొదటిసారి జవాబు వచ్చినది."

"అవునండి" అన్నారు ఏఈ గారు.

"ఈ డివిజనులో నా ఆహ్వానమునకు తిరుగు జవాబు వ్రాసిన మొదటి వ్యక్తి సముద్రము గారు. మీరెవ్వరూ వ్రాయలేదు. గమనించితిని." మా వంక చూడకుండానే అన్నారు. "ఎనిమిది నలభై ఎనిమిది. ఎంత నిర్దిష్టత. నిమిషముల పరిమితి ఉన్న మనకు అది ఎక్కడిది?"

సూరమ్మ గట్టు మీంచి అంది, "అయ్యా, మరి ఇకనుంచి ఆయన చెప్పిన టైమేనాండి?"

"నిస్సందేహముగా. పై అధికారి మాట." అని కాస్త ఆలోచనలో పడ్డారు. "అయితే దినమునకు నలభై ఎనిమిది నిమిషముల చొప్పున జరుపుట వలన క్యాలెండరు రూపురేఖలు చెడుచున్నవి. రంగులు ఒకదానిమీద ఒకటి పడుచున్నవి. వారితో ముఖాముఖి మాట్లాడి, మరల తొమ్మిదికి ఒప్పించవలెను. వారు పెద్దవారు, కారణము చెప్పినచో వినెదరు."

అక్కడే నిలబడి ఉత్తరం చెప్పారు. ఏఈ గారు ఫోనులో కొట్టారు. తమరి దర్శనార్థము సోమవారము ఉదయము పదకొండు గంటలకు డివిజను కార్యాలయమున సమావేశము ఏర్పాటు చేయడమైనది. విషయము: ప్రతిదినము తొమ్మిది గంటలకు రాకపోకలు స్థిరపరచుట. రేపు ఉదయము తొమ్మిది లోగా జవాబు రానియెడల తొమ్మిది గంటల సమయమునకు తమరు అంగీకరించినట్లు భావించబడును.

సముద్రం ఫోను నా చంకలో ఒక్కసారి గుర్రుమంది. ఉత్తరం చేరింది.

"వారికి కుర్చీ ఏ సైజుది వేయించవలెను?" అని ఈఈ గారు వెళ్తూ వెళ్తూ ఏఈ గారిని అడిగారు.

"ముందు వస్తారో రారో చూద్దామండి" అన్నారామె.

జీపు వెళ్ళాక సూరమ్మ మడిగట్టు మీద కూర్చుంది. నీరు గట్టుకి అవతలే ఉండిపోయింది. "మళ్ళీ తొమ్మిదింటికే తెత్తాడంటన్నా" అంది.

"చూత్తాను" అన్నాను.

అడక్కుండానే అన్నానని ఆమె నా వంక వింతగా చూసింది.

మర్నాడు పొద్దున లేచి చద్దన్నం తిన్నాను. తూము దగ్గరికి వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. సూరమ్మ అప్పటికే కాలవలో చెయ్యి ముంచి నాలిక మీద వేసుకుంది. ఉమ్మలేదు. మింగింది. నారు మొన మీద ఒక తూనీగ వాలి ఉంది.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా సముద్రం ఫోను తీశాను. సోమవారం పదకొండు గంటలకు. వస్తాను, రాను, వేరే సమయం.

రాను అనడం మర్యాద కాదు. వేరే సమయం నొక్కి, మంగళవారం పదకొండూ నలభై ఎనిమిది అని పెట్టాను.

'తమ ఆజ్ఞ' అంది.

నా సర్వీసు ఇంకా పద్నాలుగు నెలలుంది. మంగళవారానిది మంగళవారం చూసుకుంటాను. కాసేపటికి పోటు తిరిగింది. తలుపులు వాటంతట అవే లేచాయి. నా ఫోను తీసి హాజరు నొక్కాను.